సర్వజిత్తుకు డౌటొచ్చింది

ఆ కాలంలో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు. చెన్నైలో మూడేళ్లపాటు సినిమా చదువు చదివి, రోజూ తిరువళ్లూరు నుంచి లోకల్ రైల్లో పోయి వచ్చి, కిటికీ పక్క సీటు కోసం పోట్లాడడంలోనూ, చూసిన ప్రతి సినిమానూ చీల్చి చెండాడడంలోనూ సమానంగా ఆరితేరి ఇంటికి చేరాను. (మొదటి విద్య ఇప్పటికీ పనికొస్తోంది.) ఆ మూడేళ్లలో నేను గ్రహించిన మహాసత్యం ఒకటే. గొప్ప సినిమాలో హీరో ఏ పనీ చెయ్యడు. ఒక గట్టుమీద కూర్చుని దూరంగా చూస్తాడు. ఎంత ఎక్కువసేపు చూస్తే సినిమా అంత గొప్పది. గాల్లో ఎగరగలిగినవాడు ఎగరకుండా కూర్చుని చూస్తే ఇక దానికి తిరుగే లేదు. ఈ సంగతి మా జిల్లాలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదని, తెలియజెప్పే బాధ్యత నా భుజాలమీదే ఉందని ఎంతో దిగులుగా ఉండేది.

మాది తిరువళ్లూరుకూ తిరుత్తణికీ నడుమ ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. రాయలవారి కాలంలో ఇటు వచ్చామని మా పెద్దలు చెప్పుకుంటారు. వచ్చిన నాటినుంచి మావాళ్లంతా తలవంచి నేలనే దున్నుకుంటున్నారు, తలెత్తి ఆకాశం చూసిన మొదటివాణ్ణి నేనేనని అప్పట్లో నా నమ్మకం. (వాన కోసం ప్రతి ఏడాదీ అందరూ చూస్తూనే ఉన్నారన్న విషయం నాకు తట్టలేదు.) చెన్నైలో కుర్రవాళ్ల పొట్టి సినిమాలకు పోటీ పెడుతున్నారని, ఏ భాషలో తీసినా పరవాలేదని తెలియగానే వారం రోజులు తలుపేసుకుని కథ రాశాను. అందులో సర్వజిత్ అనే మహావీరుడు ఉంటాడు. కొండలెత్తుతాడు, రైళ్లు ఆపుతాడు, ఒక్క ఊపిరితో పూండి చెరువు నీళ్లన్నీ పీల్చి మళ్లీ ఒక్క ఊపిరితో నింపేస్తాడు. ఒక వరదలో ఊరంతటినీ కాపాడి ఒక్క ముసలాయన్ను మాత్రం కాపాడలేకపోతాడు. అక్కణ్ణుంచి వాడికి తనమీద తనకే అనుమానం పుట్టుకొస్తుంది. 'నేనెవణ్ణి, నాకెందుకీ శక్తి' అని చెరువు గట్టుమీద కూర్చుంటాడు. నలభై నిమిషాల సినిమాలో ముప్పైయొక్క నిమిషాలు వాడు లేవడు.

మొదటి శ్రోత మా అవ్వ. పెరట్లో చింతపండు గింజ తీస్తూ కూర్చున్న మనిషికి కథంతా అభినయంతో సహా చెప్పాను.

"ఎవుర్రా ఆ సరోజ?" అంది.

"సరోజ కాదవ్వా, సర్వజిత్. మొగోడు. అన్ని శక్తులూ ఉండేవాడు."

"అన్ని శక్తులుండేవోడికి ఏం కష్టమొచ్చె?"

"డౌటు."

"ఎవురి మీద? పెండ్లాం మీదా?"

"వాడి మీద వాడికే. ఇట్లాంటిది ఇంతవరకూ ఎవురూ తీయలే అవ్వా."

అవ్వ ఒక గింజ తీసి పక్కన పెట్టింది. "ఏంది తీయకపోయేది? పెండ్లాం కనబడలేదని అడివిలో చెట్టునూ పుట్టనూ అడుక్కుంటా ఏడ్చినాయన దేవుడు కాడా? మన తిరుత్తణి కొండమీద సామి మాత్రం? సూరుడనే రాక్షసుణ్ణి చంపినాక కూడా కోపం దిగక, రవ్వంతసేపు గమ్మున కూసుందామనే గదా ఈ తణిగ కొండకొచ్చినాడు. ఏందో నువ్వే కనిపెట్టినట్టు చెప్తా ఉండావే!"

అది వేరు, ఇది మోడర్న్ అని ఓపికగా వివరించాను. సినిమా భాష తెలియని మా అవ్వమీద నాకు చాలా జాలి కలిగింది.

ఇక హీరో. ఆ విషయంలో నేను ఎక్కువ దూరం వెతకలేదు. మా అక్క మొగుడు, అంటే మా బావ, తిరుత్తణి బస్టాండు దగ్గర జిమ్ము నడిపేవాడు. గుమ్మంలోంచి లోపలికి రావాలంటే కాస్త పక్కకు తిరిగి రావలసినంత భుజాలు. స్కూటరు నిలపడానికి చోటు చాలకపోతే దాని ముందు చక్రం చేత్తో ఎత్తి పక్కకు పెట్టేవాడు. కండల సంగతి అటుంచితే, 'తెలీదు' అన్న మాట ఆయన నోట పుట్టి ఎరగదు. ఎవరికి ఏ కష్టమొచ్చినా "నేనుండా గదా" అనేవాడు. బోరు మోటారు తిరగకపోయినా ఆయనకే ఫోను, కరెంటు పోయినా ఆయనకే ఫోను. "నేనుండా గదా" అని పెట్టేసేవాడు, కరెంటు ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది, ఆ పుణ్యం బావ ఖాతాలో పడేది. ఎవరైనా దారి అడిగితే క్షణం తడుముకోకుండా చెప్పేవాడు. వెంగల్‌కు పెళ్లిచూపులకని బయల్దేరిన మా చిన్నాన్నవాళ్లు ఆ దారినే నమ్ముకుని పోయి పూండి చెరువు కట్టమీద తేలారు. అటు చూస్తే నీళ్లు, ఇటు చూస్తే నీళ్లు. బావకు ఫోను చేస్తే "అట్లే నేరుగా పోండి" అన్నాడట.

ఇలాంటి మనిషి చేత అనుమానపడేలా నటింపజేయాలన్నది నా ఆలోచన. నా తెలివికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

జిమ్ముకు వెళ్లి విషయం చెప్పాను. బావ చేతిలోని బరువు కింద పెట్టకుండానే అడిగాడు. "ఫైటు ఉండాదా?"

"ఉండాది బావా. లోపల."

"యాడ లోపల? బిల్డింగు లోపలా?"

"మనసు లోపల."

బావ బరువును రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "మనసు లోపల ఎంతమంది?"

"ఒక్కడే. నువ్వే."

"ఒక్కణ్ణి కొట్టేదానికి నేనెందుకురా?"

కళకోసం అబద్ధమాడవచ్చునని ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను. చివర్లో పదిమందితో పెద్ద ఫైటు ఉందని చెప్పాను. బావ బరువు కింద పెట్టి నా వీపు తట్టాడు. రెండు రోజులు నొప్పి తగ్గలేదు.

కెమెరా సంగతి చూసుకోవడానికి తిరువళ్లూరులో పెళ్లి ఫొటోలు తీసే ఒకాయన దొరికాడు. అందరూ ఫోకస్ అన్న అనేవాళ్లు. మంచివాడు, కానీ ఇరవై ఏళ్లుగా పెళ్లికొడుకులనే తీస్తున్న చెయ్యి. ఇక దుస్తులు. నీలిరంగులో ఒంటికి అతుక్కునేట్టు సూటు, వెనక గాలికి ఎగిరే ముసుగుగుడ్డ గీసి తిరుత్తణి టైలరుకు ఇచ్చాను. అప్పుడే కొండమీద ఆడికృత్తిక పండగ అయిపోయింది. కావడి మోసేవాళ్లకని తెచ్చిన పసుప్పచ్చ గుడ్డ ఆయన దగ్గర తానులకు తానులు మిగిలిపోయింది. నీలం దొరకలేదు తంబీ అని పసుప్పచ్చ సూటు కుట్టేశాడు, పైగా అంచులకు ఎర్ర జరీ ఆయనే ముచ్చటపడి వేశాడు. అది వేసుకుని బావ అద్దం ముందు నిలబడితే సర్వలోక రక్షకుడు కనబడలేదు, కొండెక్కడానికి బయల్దేరిన కావడి సామి కనబడ్డాడు.

ఆ మాట నేనొక్కణ్ణే అనుకోలేదు. మొదటి రోజు పూండిలో టీకొట్టు దగ్గర దిగగానే కొట్టాయన గల్లా వదిలి వచ్చి చేతులు జోడించి, "ఎన్నో కావడి సామీ?" అని తమిళంలో అడిగాడు. కాదు, ఇది సినిమా అని నేను చెప్పబోయేలోపు బావ "ఏడోది" అనేశాడు. అడిగిందానికి జవాబు చెప్పకపోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. ఆ తర్వాత గట్టుమీద గడ్డి కోసుకుంటున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కాళ్లకు దండం పెట్టి పోయారు. బావ అందరినీ చల్లగా దీవించాడు. షూటింగు పన్నెండు గంటలకు గానీ మొదలుకాలేదు.

అసలు చిక్కు మాటల దగ్గర వచ్చింది. బావకు తెలుగు మాట్లాడ్డమే తప్ప చదవడం రాదు, మావైపు కుర్రకారులో చాలామందికి అంతే. అందుకని ఆరు పేజీల ఆత్మశోధనను తెలుగు మాటల్లోనే రాసి తమిళ అక్షరాల్లో పెట్టాను. ఆ అక్షరాల్లో క, గ రెండూ ఒకటే, ప, బ రెండూ ఒకటే అని నాకు తెలియక కాదు, అది చదివేవాడి విజ్ఞతకు వదిలాను. చెరువు గట్టుమీద, నీళ్లలో సూర్యుడు తళతళలాడుతుండగా, సర్వజిత్ గుండెమీద చెయ్యేసుకుని, ఆకాశంకేసి చూసి, ఖంగుమనే గొంతుతో "నా కుండె పగిలిపోయింది! నా పాద ఎవరికి తెలుసు!" అన్నాడు.

"గుండె బావా. బాధ."

"రాసింది చదివినాను. నువ్వు సరిగ్గా రాయి."

"సరే, మాటలు పోనీ. మొహంలో డౌటు కనబడాల బావా."

"డౌటు ఎట్ల పడతార్రా?" నిజంగానే అడిగాడు. "నాకు ఎప్పుడూ రాలే."

సందేహమనేది ఎలా పడాలో గట్టుమీద అటూ ఇటూ నడుస్తూ అభినయించి చూపించాను. కనుబొమలు ముడిచి, పెదవి కొరికి, శూన్యంలోకి చూసి. బావ శ్రద్ధగా చూసి, తరువాత ఊపిరి బిగబట్టి, మెడ నరాలు ఉబ్బించి, రెండు చేతుల కండలూ పొంగించాడు. ఫోకస్ అన్న కెమెరాలోంచి "సూపర్ సార్! గడ్డం రవ్వంత కిందికి... ఆ... కొద్దిగా నవ్వండి" అన్నాడు. నవ్వకూడదన్నా అని నేను అరిచేసరికి సర్వజిత్ అప్పటికే పళ్లన్నీ కనబడేట్టు నవ్వేశాడు. రెండు రోజులు ఇదే వరస. డౌటు తప్ప అన్నీ వచ్చాయి.

మూడో రోజు మధ్యాహ్నం బావ బొడ్డుదగ్గర రికార్డరు దోపి, ఛాతీమీద జరీ కింద చిన్న మైకు తగిలించి, తొమ్మిదోసారి 'నేనెవణ్ణి' మొదలుపెట్టాం. సరిగ్గా అప్పుడే మా అమ్మ ఫోను. అక్క కాన్పుకు మా ఇంటికొచ్చి నెల దాటింది, డాక్టరు చెప్పిన రోజుకు ఇంకా మూడు వారాలుంది. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయని, తిరువళ్లూరు ఆస్పత్రికి తీసుకొచ్చామని అమ్మ ఒక్క గుక్కలో చెప్పింది. "బిన్నా రమ్మను మీ బావను. డాక్టరమ్మ ఏందో చెప్తా ఉండాది, నాకు అర్థం కాలా."

బావ సూటు మార్చుకోలేదు. బండి ఎక్కాడు. కెమెరా మెడలో వేసుకునే నేను వెనక ఎక్కాను. ఫోకస్ అన్న సామాన్లు సర్దుకుని బస్సులో వస్తానన్నాడు. దారి పొడుగునా ఆ పసుప్పచ్చ ముసుగుగుడ్డ చక్రంలో పడకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చోవడమే నా పని. ఎదురొచ్చిన వాళ్లు బండ్లు పక్కకు తీసి దండాలు పెట్టారు. బావ ఒక్కరినీ దీవించలేదు.

ఆస్పత్రిలో మొదటి అంతస్తు. వరండా చివర తలుపు, తలుపు బయట అమ్మ. నర్సు బావను చూసి "సామీ, దండమంతా తర్వాత, బయట నిలబడండి" అంది తమిళంలో. నేనే ఆమె భర్తనని బావ చెప్పేసరికి ఆయన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి లోపలికి పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ మాటలు గబగబా వచ్చాయి. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది, కాచుకోవడానికి లేదు, ఆపరేషన్ చేయాలి, ఇక్కడ సంతకం పెట్టండి, సీక్రం. అట్టమీద కాగితం, దారం కట్టిన పెన్ను.

అమ్మ బావ మోచెయ్యి పట్టుకుంది. "ఏం చేద్దాం నాయనా? కోయించాల్నా?"

'నేనుండా గదా' అంటాడని ఎదురుచూశాను. అమ్మ కూడా దానికోసమే చూస్తోంది. బావ కాగితంవంక చూస్తున్నాడు. కాగితంమీంచి తలెత్తకుండానే "నాకు తెలీదత్తా" అన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పకుండా దాటేయవచ్చు. కానీ మీరు ఇంతవరకూ ఓపికపట్టారు గనుక చెబుతాను. లోపల అక్క ఉంది. ఆ క్షణంలో నా బుర్రలో మెదిలిన మొదటి ఆలోచన అక్క గురించి కాదు. కిటికీలోంచి వెలుతురు బావ ముఖంమీద సగమే పడుతోందని, ఆ సగం ముఖంలో నేను రెండు రోజులుగా గట్టుమీద చేతులు తిప్పి చూపించినదంతా అడక్కుండానే వచ్చేసిందని. చెయ్యి దానంతటదే కెమెరా మీదికి పోయింది. (దానంతటదే అంటున్నాను. మా అక్క ఈ మాట ఒప్పుకోదు.) కెమెరా కంటిదాకా ఎత్తాను కూడా.

"రేయ్, ఈ అట్ట పట్టుకో రా," అన్నాడు బావ. ఆయన నన్ను చూడనుకూడా లేదు. "చెయ్యి నిలవలా."

స్కూటర్లు ఎత్తే చెయ్యి. కెమెరా వదిలేసి, అది మెడలో వేలాడుతుంటే, రెండు చేతులతో అట్ట పట్టుకున్నాను. బావ ఎడమచేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని సంతకం చేశాడు. అది గీతమీద మొదలై కింది గళ్లోకి జారిపోయింది. పరవాలేదు అని డాక్టరమ్మ కాగితం లాక్కుని వెళ్లిపోయింది. తలుపు మూశారు.

ఆ తర్వాత కాచుకోవడం. అమ్మ తలుపునే అంటిపెట్టుకుని నిలబడింది. నేను కిటికీ దగ్గర. బావ బెంచీమీద కూర్చుని ముసుగుగుడ్డను ఒడిలో ఉండలా చుట్టి పట్టుకున్నాడు. బెంచీకి అటు చివర ఒక ముసలామె చేతిసంచితో కూర్చుని ఉంది. కాసేపటికి ఆమె జరుగుతూ జరుగుతూ బావ పక్కకు వచ్చింది.

"సామీ, రవ్వంత ఇబూది పెట్టు నాయనా. నా బిడ్డ లోపల ఉండాది. పొద్దున్నించీ ఏమీ చెప్పరు."

"ఇబూది లేదమ్మా. నేను సామి కాదు."

"మరి ఈ ఏసమేంది?"

"సినిమాది."

"సినిమాలో ఎవురు నువ్వు?"

బావ తల దించుకున్నాడు. "అన్నీ చెయ్యగలిగినోణ్ణి."

"అట్లయితే చెప్పు నాయనా," అంది ఆమె. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "నా బిడ్డకేమీ కాదు గదా?"

బస్టాండులో ఎవరు ఏ దారి అడిగినా తడుముకోని మనిషి. కాదమ్మా, ఏమీ కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంకెవరైనా అనేవాళ్లు. నేనైనా అనేవాణ్ణి.

"నాకు తెలీదమ్మా," అన్నాడు బావ. "నా పెండ్లాం కూడా లోపలే ఉండాది. నాకు శానా బయంగా ఉండాది."

ముసలామె ఇంకొంచెం దగ్గరికి జరిగింది. సంచిలోంచి కాగితం పొట్లం తీసి, ఒక మురుకును రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఆయన చేతిలో పెట్టింది. "సరే, అట్లయితే ఇద్దరం కూసోని బయపడదాం. తిను." ఇద్దరూ మురుకు తింటూ తలుపువంక చూస్తూ కూర్చున్నారు. వరండాలో కరకరమన్న చప్పుడు.

మూడు దాటాక నర్సు వచ్చి ఆడపిల్ల అంది, తల్లికీ పిల్లకూ ఏ భయమూ లేదు అంది. అమ్మ తలుపుకే దండం పెట్టింది. మేము లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన ఆ ఎర్రటి పిడికెడు పిల్లను చూసి, అక్క కళ్లు తెరిచి బావను చూసి "ఇదేంది, కావడికి పోయినావా?" అని అడిగేదాకా ఉండి, మళ్లీ బయటికి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. బావ వార్డంతా తిరిగి అడిగాడు. ఎవరో ఒకమ్మాయిని చెన్నై పెద్దాస్పత్రికి తీసుకుపోయారని, వాళ్లమ్మ కూడా అంబులెన్సులో ఎక్కిందని ఒక ఆయా చెప్పింది. ఆమెది ఏ ఊరో ఎవరికీ తెలియలేదు.

వారం తర్వాత సౌండు ఫైళ్లు ఒకటొకటిగా వింటూ కూర్చున్నాను. తొమ్మిదోసారి 'నేనెవణ్ణి' తర్వాత అమ్మ ఫోను, బండి చప్పుడు, గాలి. మైకు తీయడం ఎవరికీ గుర్తు రాలేదు. వరండా అంతా అందులో ఉంది. 'నాకు తెలీదత్తా' ఉంది, ముసలామె ఉంది, మురుకు విరిగిన చప్పుడు కూడా ఉంది. నా ఆరు పేజీలు పక్కన పెట్టి, గట్టుమీద కూర్చున్న సర్వజిత్ బొమ్మమీద ఈ గొంతు పెట్టి చూశాను. నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇక పోటీలో నాకు తిరుగులేదు. బహుమతి తీసుకునేటప్పుడు ఏం మాట్లాడాలో కూడా ఆలోచించుకున్నాను. (వినయంగా.)

బావ మా ఇంట్లోనే ఉన్నాడు, పిల్లను మోకాళ్లమీద పడుకోబెట్టుకుని. హెడ్‌ఫోను ఆయన చెవులకు తగిలించి వినిపించాను. కదలకుండా చివరిదాకా విన్నాడు.

"బాగా వచ్చె," అన్నాడు.

"అయితే పెట్టుకుంటా బావా."

"నన్ను అడిగినావు, సరే. ఆ యమ్మని అడిగినావా?"

"ఆమె యాడుండాదో ఎవురికి తెలుసు?"

"ఆ యమ్మ బిడ్డ ఏమయిందో కూడా మనకు తెలీదు. ఇప్పుడు ఏడుస్తా ఉండాదో నవ్వుతా ఉండాదో తెలీకుండా, ఆ యమ్మ బయాన్ని నువ్వు పదిమందికి యాడ చూపించేది? చెరిపెయ్ రా."

కళ గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. జీవితసత్యం అన్నాను, నిజాయితీ అన్నాను, అంతా గట్టిగా, చేతులు తిప్పుతూ. మంచంమీద పడుకున్న అక్క అంతా విని అడిగింది. "అంటే, నన్ను లోపల కోస్తా ఉంటే నువ్వు బయట మైకు పెట్టుకోని ఉండినావా?"

కెమెరా ఎత్తిన సంగతి కూడా ఆ పూటే బయటపడింది. అక్క నాతో పదిరోజులు మాట్లాడలేదు. బావ నా పక్కనే కూర్చుని, ఫైలు చెరిపించి, చెత్తబుట్టలోంచి కూడా తీసేయించి, "ఇంక యాడా లేదు గదా?" అని అడిగి మరీ లేచాడు. కంప్యూటర్ల గురించి ఆయనకు అంత తెలుసని నాకప్పుడే తెలిసింది.

మళ్లీ పూండి. మళ్లీ గట్టు, మళ్లీ కుండె. అంత జరిగాక బావ ముఖంలో ఆ లోతు దానంతటదే వస్తుందని నా ఆశ. బావ మళ్లీ ఊపిరి బిగబట్టి కండలు పొంగించాడు. ఒకసారి మాత్రం, ఫోకస్ అన్న లెన్సు మారుస్తున్నప్పుడు, నీళ్లకేసి చూస్తూ ఊరికే కూర్చున్నాడు. తీద్దామా అన్నట్టు ఫోకస్ అన్న నావైపు చూశాడు. ఎందుకో వద్దన్నాను. పదిమందితో ఫైటు మాత్రం ఇచ్చిన మాట ప్రకారం పెట్టవలసి వచ్చింది. జిమ్ముకొచ్చేవాళ్లు పదిమంది వచ్చి, ఎంతో ఇష్టంగా దెబ్బలు తిని పోయారు.

పోటీవాళ్లనుంచి మూడు వాక్యాల ఈమెయిలు వచ్చింది. ప్రయత్నం అభినందనీయం అన్నారు. ఫైటు బాగుందన్నారు. కథానాయకుడి సందేహం నమ్మేలా లేదని, నటుడికి తగినంత జీవితానుభవం లేనట్టుందని రాశారు. నటుడికి అది చదివి వినిపించాను. అప్పుడు ఆయన ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని ఇంకో చేత్తో తడిగుడ్డలు పిండుతున్నాడు. "వాళ్లు చదువుకున్నోళ్లు రా, కరెట్టుగానే చెప్పింటారు" అన్నాడు.

ఎంతైనా సొంతవాళ్లకు చూపించాలి కదా. ఒక ఆదివారం పొద్దున జిమ్ములో అద్దంమీద దుప్పటి కట్టి వేశాం. మావాళ్లంతా బల్లలమీద, బరువులమీద సర్దుకు కూర్చున్నారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి తెర చూడకుండా ముఖాలు చూశాను. సర్వజిత్ గట్టుమీద కూర్చోగానే మా చిన్నాన్న ఫోను తీశాడు. పదో నిమిషంలో మా మామ ఒకాయన గురక. ఫైటు వచ్చినప్పుడు అందరూ లేచి ఈలలు వేశారు. అయిపోయాక ఇడ్లీలు తిని, బావ వీపులు తట్టి, నాతో "బాగుండాది, బాగుండాది" అంటూ బస్సులకు వెళ్లిపోయారు. బావుందన్నవాళ్లలో ఒక్కరైనా ఇంకొక్క మాట ఎక్కువ అంటారేమోనని దుప్పటి మడతపెడుతూ చాలాసేపు అక్కడే ఉన్నాను.

చివరికి మిగిలింది మా అవ్వ. చెయ్యి అందించమని మెట్లు దిగింది. కిందికి వచ్చాక, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "మళ్లా ఎప్పుడు తీస్తావురా?" అంది.

నేనిప్పుడు చెన్నై శివారులో పట్టాభిరామ్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో, పనివాళ్లు తలకు హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో చూపించే వీడియోలు తీస్తుంటాను. అందులో ఎవరికీ ఏ సందేహమూ ఉండదు, ఉండకూడదని నియమం. అవ్వ పోయి నాలుగేళ్లయింది. ఆ రోజు ఆమె అలా అడగగానే నాకు ముందు కోపం వచ్చింది, ఇంత ఓడిపోయినవాణ్ణి ఇదా అడిగేది అని. రెండడుగులు వేశానో లేదో తరువాతి కథ మొదలుపెట్టేశాను. అందులో ఒక మనిషికి కాలాన్ని ఆపే శక్తి ఉంటుంది, కానీ ఎప్పుడు ఆపాలో తేల్చుకోలేడు. మొదటి సీను, రెండో సీను, పాట వద్దు, ఫైటు అసలే వద్దు. జిమ్ము నుంచి బస్టాండు దాకా, ఆ ఎండలో, అవ్వ ఒక్క మాటా అడ్డురాకుండా ఊ కొడుతూనే నడిచింది. బస్సు వచ్చింది, నిండుగా ఉందని వదిలేశాం, నేను కథ ఆపలేదు. ఒక చేత్తో ముసలిదాని చెయ్యి పట్టుకుని, ఇంకో చెయ్యి గాల్లో తిప్పుకుంటూ, ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ తీయని సినిమా చెప్పుకుపోతున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడి మాటకు అడ్డుపడాలని మాత్రం అనిపించదు.